నాలుగున్నర ఇటుకలు

అనంతగిరి,
నవంబరు 6, బుధవారం

ప్రియమైన బాషా బావకి,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఈ కొండమీద సెల్లు మోగదు. మోగినా లాభం లేదు, ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో ఫర్నేసుల పక్కన నిలబడ్డ నా చెవులకి నీ మాట వినపడదు. ఇక్కడి కాఫీ తోట వ్యాను నడిపే గురువులు ప్రతి గురువారం విశాఖపట్నం దిగుతాడు, శనివారం మళ్ళీ కొండెక్కుతాడు. ఆటోనగర్‌లో నీ షెడ్డు గుర్తులు చెప్పి ఇది అతని చేతికిస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

మేం ఇక్కడికొచ్చి నెలా పదిహేను రోజులైంది. గౌరీశ్వరి సంగతి నీకు తెలిసిందే. పేగులోని గడ్డ లివర్‌కి పాకాక పెద్ద డాక్టరు ఇంక ఆపరేషన్లు వద్దు, మాత్రలతో నడిచినన్నాళ్ళు నడుస్తుంది అన్నాడు. "అయితే నన్ను కొండకి తీసుకెళ్ళిపోండి" అని ఆవిడ ఆ గదిలోనే అంది. నర్సుగా మొదటి ఉద్యోగం ఇక్కడే కదా చేసింది. తోట యజమాని ఈ పాత దొరల బంగళాకి కాపలా మనిషి కావాలంటే నేను ఒప్పుకున్నాను. పిల్లల్లేనివాళ్ళం, ఎక్కడుంటే ఏం?

ఊరు బాగానే ఉంది, చలే పగబట్టింది. తెల్లారేసరికి ఎనిమిది డిగ్రీలు. ఆవిడ ఒంట్లో నెత్తురు లేదు. మూడు రగ్గులు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. చేతులు పట్టుకుంటే ఐసుపెట్టెలోంచి తీసిన చేపల్లా ఉంటున్నాయి.

హాల్లో గోడలోకి కట్టిన పాత ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. దొరలు చలికాలంలో దాన్లో కట్టెలు వేసుకుని ముందు కుర్చీలేసుకుని కూర్చునేవారట. వెలిగించి చూశాను. వేడంతా చిమ్నీలోంచి ఆకాశానికి పోయింది, పొగంతా మాకు మిగిలింది. గౌరి దగ్గి దగ్గి సొమ్మసిల్లింది. మొన్న సిమ్లా వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు ఈ బంగళాలో దిగాడు. వాళ్ళ వైపు ఇలాంటి పాత పొయ్యిల నోట్లోకి ఉక్కు పెట్టె దూరుస్తారట. ముందు గాజు తలుపు, కింద గాలికి చిన్న కంత, పైన చిమ్నీలోకి గొట్టం. కట్టెలు పెట్టెలో కాలతాయి, పొగ గొట్టంలో పోతుంది, వేడెక్కిన ఉక్కు గదిని వెచ్చబెడుతుంది. ఇన్సర్ట్ అంటారట. కాగితం మీద బొమ్మ కూడా గీసిచ్చాడు, పంపుతున్నాను. ఇది చెయ్యగల చెయ్యి నాకు ఒక్కటే తెలుసు.

గౌరికి ఆ పొయ్యంటే వేరే ఇది ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వానలో తడిసి ముద్దై ఈ బంగళాకొస్తే, వంటావిడ ఆ మంట ముందు కూర్చోబెట్టి వేడి కాఫీ ఇచ్చిందట. "అది ఎలిగింది ఒక్కపాలి సూడాలండీ. ఆ తర్వాత ఏటైనా పర్లేదు" అంటోంది. ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దాం గాని, ముందు పెట్టె చెయ్యగలవో లేదో రాయి.

నీ
శ్రీరామ్మూర్తి


ఆటోనగర్, విశాఖపట్నం,
నవంబరు 8, శుక్రవారం

ప్రియమైన శ్రీరామ్మూర్తి బావకి హుస్సేన్ బాషా సలాం.

నవ్వాను బావా, ఎందుకు నవ్వనూ! ఇక్కడ నవంబర్లో కూడా ఫ్యాను ఆగితే చొక్కాలు విప్పేస్తున్నాం. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో వెల్డింగ్ చేస్తున్నాను. గేట్లు చేశాను, గ్రిల్లులు చేశాను, చేపల బోట్లకి సైలెన్సర్లు చేశాను, ఒకసారి పెళ్ళి మండపానికి ఏనుగు కూడా చేశాను. ఇల్లు వెచ్చబెట్టే పెట్టె కావాలన్న మొదటి మనిషివి నువ్వే.

నవ్వింది మొదటి పేజీ వరకే. రెండో పేజీ చదివి ఉత్తరం ఇంటికి పట్టుకెళ్ళాను. హమీదా చదివి కొంగు నోట్లో కుక్కుకుంది. మా షాహీనా పుట్టినప్పుడు వారం రోజులు ఆసుపత్రిలో తన పక్కన కూర్చున్నది గౌరీ చెల్లెమ్మే కదా. "ముందా పని సెయ్యి, మిగతా గేట్లూ గీట్లూ తర్వాత సూసుకుందువు" అంది. హమీదా మాటకి నేనెప్పుడు ఎదురు చెప్పాను గనక?

బొమ్మ అర్థమైంది. అడుగున ఆరు ఎం.ఎం. ప్లేటు, పక్కలకి అయిదు. తలుపుకి వేడికి పగలని గాజు. పొగగొట్టానికి స్టెయిన్‌లెస్ పైపు. కొలతలు చేతిలో పడ్డాక వారం రోజుల్లో ఇచ్చేస్తాను, ఒట్టు.

కొలతలే ముఖ్యం బావా. పాత పొయ్యిలు లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతాయని విన్నాను. వచ్చే శనివారం గురువులుతో నేనే ఎక్కివచ్చి టేపు పెట్టుకుంటాను. చెల్లెమ్మని చూసినట్టూ ఉంటుంది. ఏమంటావ్?

దువాలతో,
నీ బాషా


అనంతగిరి,
నవంబరు 13

ప్రియమైన బాషా బావకి,

వారం రోజులన్నావు, నాకు తెలుసు నువ్వు అన్నంత పనీ చేస్తావు.

నువ్వు మాత్రం ఇప్పుడు రాకు. నీ మోకాలి సంగతి నాకు తెలుసు. ఘాట్ రోడ్డులో ఆ వ్యాను ముందు సీట్లో మూడు గంటలు ముడుచుకుని కూర్చుంటే దిగేటప్పుడు నిన్ను నలుగురం మొయ్యాలి. పెట్టె బిగించాక, గౌరి కొంచెం తేరుకున్నాక, ఇద్దరూ కలిసి రండి.

కొలతలకి టేపెందుకు మనకి? ఇక్కడ టేపు లేదు కూడా. ప్లాంటులో ఫర్నేసు ఆపి ఇటుకలు మార్చడానికి మనిద్దరం దిగిన షట్‌డౌన్ రోజులు గుర్తున్నాయా? కొలిమి లోపల నేను, బయట నువ్వు, మధ్యలో చెవులు పగిలే మోత. నేను ఎన్ని వేళ్ళు చూపిస్తే నువ్వు అన్ని ఇటుకల లెక్కన ప్లేటు కోసేవాడివి. ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్లేటు తిరిగొచ్చిందా? అలాగే లెక్కపెట్టాను. పొయ్యి నోరు వెడల్పు నాలుగున్నర ఇటుకలు. ఎత్తు మూడు. లోతు రెండు. లోపల ఇరుకవలేదు, తిన్నగానే ఉంది.

చిమ్నీ శుభ్రం చేస్తున్నాను. మూడు బస్తాల మసి, రెండు పిట్టగూళ్ళు, ఒక కిరసనాయిలు డబ్బా మూత దొరికాయి. లోపల ఊడిన చోట్ల ఫర్నేసు మట్టితో అతికాను. ఆ మసి మొహంతో గదిలోకి వెళ్తే గౌరి రెండు నెలల తర్వాత నోరారా నవ్వింది. మంచం హాల్లోకి జరిపించుకుంది, పొయ్యికి ఎదురుగా. రోజంతా అటే చూస్తూ పడుకుంటుంది.

తినడం తక్కువైంది. మాత్ర పడితే వాంతి, మానేస్తే నీరసం. నాకు వంట రాదని ఇన్నాళ్ళకి బాధపడుతున్నాను.

హమీదా చెల్లెమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీరామ్మూర్తి


ఆటోనగర్,
నవంబరు 22

బావకి,

పెట్టె తయారు! ఈ ఉత్తరంతో పాటే వస్తోంది.

నాలుగున్నర ఇటుకలంటే నలభైన్నర అంగుళాలు. అటు ముప్పాతిక, ఇటు ముప్పాతిక వదిలి ముప్పై తొమ్మిది చేశాను. గురువులు వ్యానులోకి ఎక్కించడానికి ఆరుగురు పట్టాల్సొచ్చింది. పైపు ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి సైలెన్సర్లు చేసే జాకీర్ దగ్గర తీసుకున్నాను. సముద్రపు ఉప్పుకే తుప్పు పట్టని పైపు, మీ కొండ మంచుకి ఏమవుతుంది? గాజు చెన్నై నుంచి తెప్పించాను. చుట్టూ వేడికి కాలని తాడు బిగించాను, పొగ పిసరు కూడా బయటికి రాదు.

కొత్త పెయింటు కంపు కొడుతుందని షెడ్డు ముందు మూడుసార్లు కట్టెలేసి కాల్చాను. ఆటోనగర్ అంతా మూగింది. "బాషా బావా, ఏటది, బిర్యానీ పొయ్యా?" అని ఒకడు. "ఊళ్ళో ఉక్క సాల్నేదని కొత్తగా వేడి సేత్తన్నాడ్రా" అని ఇంకొకడు. ఎవడెన్ని కూసినా, తలుపు మూసి గాజులోంచి మంట చూశాక అందరూ నోరుమూసుకున్నారు. అంత బాగుంది బావా. దీపావళి రోజు చిన్నపిల్లాడిలా కూర్చుండిపోయాను.

రెండు జాగ్రత్తలు. కట్టెలు బాగా ఎండినవే వెయ్యి. కిటికీ ఎప్పుడూ వేలెడు తెరిచి ఉంచు, గాలి ఆడకపోతే ప్రాణం మీదికొస్తుంది. చెల్లెమ్మకి చలని అన్నీ బిగించేస్తావేమో, ఆ పని చెయ్యకు.

ప్లాంటులో కొత్త ఇటుకలు కట్టాక కొబ్బరికాయ కొట్టి మొదటి నిప్పు పెద్దవాళ్ళ చేత వేయించేవాళ్ళం కదా. ఇక్కడ మొదటి నిప్పు చెల్లెమ్మే వెయ్యాలి. ఇది నా మాటగా చెప్పు. మద్దిలపాలెంలో స్వెట్టర్లు అమ్మేవాళ్ళ దగ్గర హమీదా ఊలు సాక్సులు నాలుగు జతలు తీసుకుంది, అవీ పంపుతున్నాను.

వెలిగిన రోజు ఎలా ఉందో పూసగుచ్చినట్టు రాయి.

నీ బాషా


అనంతగిరి,
నవంబరు 27

ప్రియమైన బావకి,

ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. పెట్టె దూరలేదు.

ఆదివారం తోట మనుషులు నలుగురు వచ్చి దుంగల మీద దొర్లించుకుంటూ హాల్లోకి తెచ్చారు. గౌరిని దిండ్లు వేసి కూర్చోబెట్టాను. సాక్సులు వేసుకుంది, కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుంది. పెట్టె పొయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. మూడంగుళాలు ఎక్కువ. అటు తిప్పారు, ఇటు తిప్పారు. గోడ గోడే, ఉక్కు ఉక్కే.

ఇక్కడి ఇటుకలు పాతకాలపువి, మన తొమ్మిదంగుళాల ఇటుక కంటే పొట్టివిలా ఉన్నాయి. లెక్క అక్కడ తప్పినట్టుంది. నువ్వేం మనసులో పెట్టుకోకు.

గౌరి కొబ్బరికాయ నా చేతికిచ్చి, "పోనీండి. బాషన్నయ్యనేటీ అనకండి" అని పడుకుంది. కాసేపు పొయ్యివైపే చూసింది.

పెట్టెని రేపు గురువులుతో తిప్పి పంపుతున్నాను. తీరిక చూసుకుని తగ్గించి పంపు. తొందరేమీ లేదు.

నీ
శ్రీరామ్మూర్తి


ఆటోనగర్,
నవంబరు 29

శ్రీరామ్మూర్తి బావకి,

తొందర లేదని రాస్తావా నువ్వు? నా దగ్గర మొహమాటమా?

బుద్ధి గడ్డి తిని నేను చేసిన పని ఇది. బంగళా వయసెంతో తెలిసినవాణ్ణి, పాత ఇటుక ఏ కొలత ఉంటుందో అడగొద్దూ? నీ ఉత్తరం అందగానే తొమ్మిది పెట్టి గుణించేసి కటింగు మొదలుపెట్టాను. నన్ను చూసి నేర్చుకునే కుర్రాళ్ళకి రోజుకి నాలుగుసార్లు చెబుతాను, "ప్లేటు కోసే ముందు రెండుసార్లు కొలవండ్రా" అని. నేను ఒక్కసారి కూడా కొలవలేదు. హమీదాకి చెబితే నా వైపు చూసి, "పాపం, సాక్సులు కూడా ఏసుకుని కూకుందా?" అంది.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పెట్టె ఎందుకు దించేశావు? నీ చేతిలో మేస్త్రీ పనుంది కదా. పక్క ఇటుకలు అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు చెక్కేస్తే ఒక పూట పని. ఎన్ని ఫర్నేసుల్లో చెయ్యలేదు మనం? తోచలేదా?

ఇప్పుడు ఇంకో దెబ్బ. ఘాట్ దిగేటప్పుడు కుదుపులకి గాజు పగిలింది. గురువులు తప్పేం లేదు, పాపం గోనెసంచులు చుట్టే తెచ్చాడు. మళ్ళీ చెన్నై నుంచి రావాలి, రెండు వారాలంటున్నారు. ఈలోగా పెట్టె కోసి అతికి ఉంచుతాను.

గురువులు చేతికి టేపు ఇచ్చి పంపుతున్నాను. నోరు అతనే కొలిచి అంగుళాల్లో రాసుకొస్తాడు. ఇంక ఇటుకల లెక్క నాకొద్దు బావా.

చెల్లెమ్మ కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

బాషా


అనంతగిరి,
డిసెంబరు 11

ప్రియమైన బావకి,

కిందటి వారం రాయలేకపోయాను. గౌరికి కామెర్లు కనపడ్డాయి. కింద పి.హెచ్.సి. డాక్టరమ్మ వచ్చి చూసింది, పట్నం తీసుకెళ్ళినా చేసేదేం లేదంది.

పక్క ఇటుకలు చెక్కడం గురించి అడిగావు. ఇది సున్నంతో కట్టిన గోడ, పైన కమాను నిలిచింది ఆ పక్కల మీదే. ముట్టుకుంటే మీద పడుతుందేమోనని భయపడ్డాను. గురువులు టేపు పెట్టి ముప్పై ఆరు అంగుళాలని రాసుకున్నాడు కదా, అలాగే చెయ్యి.

నిదానంగా చెయ్యి. గాజు వచ్చినప్పుడే వస్తుంది. ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం ఇంకో పది రోజులు ఆగలేమా?

ఈమధ్య మాత్రలకి పేచీ పెట్టడం లేదు. ఇదివరకు "నోరంతా సేదు, ఇంకొద్దండీ" అని మొహం తిప్పుకునేది. ఇప్పుడు చెయ్యి చాపి తనే అడుగుతోంది. మింగుతుంది, గంట తర్వాత వాంతి చేసుకుంటుంది, మర్నాడు మళ్ళీ మింగుతుంది. చూడలేక నేను వసారాలోకి పోతున్నాను. అరిచేతులు పగిలి మంటలంటుంది, అవే చేతులు చలికి వణుకుతుంటాయి. వేడినీళ్ళ సీసాలు పక్కన పెడుతున్నాను. గంటకే చల్లారిపోతున్నాయి.

నీ ఉత్తరాలు అన్నీ తనకి చదివి వినిపిస్తున్నాను. నువ్వు రాసిన ఏనుగు సంగతి మూడుసార్లు చదివించుకుంది. నీ మాటగా మొదటి నిప్పు తనే వెయ్యాలని చెబితే, "అన్నయ్య కదా, అలాగే అంటాడు" అని మురిసిపోయింది.

ఉంటాను.

శ్రీరామ్మూర్తి


ఆటోనగర్,
డిసెంబరు 20, శుక్రవారం

ప్రియమైన బావకి,

గాజు మంగళవారం వచ్చింది. బుధవారానికి బిగించేశాను. పెట్టె ఇప్పుడు ముప్పై నాలుగున్నర. షెడ్డులో ఇటుకలు పేర్చి ముప్పై ఆరు అంగుళాల నోరు కట్టి, అందులోకి దూర్చి చూశాను. ఒకసారి కాదు, అయిదుసార్లు. కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ.

ఈ నెల నా చేతిమీద నాకు నమ్మకం పోయింది బావా. మొన్న ఒక గేటుకి కొలత తీసుకుని ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళి తీసుకున్నాను. ఇంకో పెద్ద పని వచ్చింది, నావల్ల కాదని పక్క షెడ్డుకి పంపేశాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాను, నా తలతిక్క వల్ల ఒక ఆడమనిషి చలిలో పడి ఉందని. చెప్పకపోతే ఊపిరాడదు.

రేపు శనివారం గురువులు మధ్యాహ్నానికి మీ దగ్గరుంటాడు. ఆదివారం బిగించెయ్. కొబ్బరికాయ కొత్తది పంపుతున్నాను, పాతది కుళ్ళి ఉంటుంది. వచ్చే శనివారం హమీదా, నేనూ వ్యానెక్కేస్తాం. మోకాలి సంగతి నువ్వు మాట్లాడకు, నేను వినను.

చెల్లెమ్మా, ఈ ముక్క నీకు: ఇంకొక్కరోజు ఓపిక పట్టు తల్లీ. ఈసారి తప్పితే నేను పనిముట్లు సముద్రంలో పారేస్తాను.

మీ బాషా


ఆటోనగర్,
డిసెంబరు 27

బావా,

నిన్న గురువారం షెడ్డు ముందు వ్యాను ఆగింది. గురువులు దిగకముందే నేను పరిగెత్తి, "ఎలిగిందా?" అని అడిగాను. అతను తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "అమ్మగోరు శుక్రారమే ఎలిపోనారండీ. నాను ఎక్కేసరికి అంతా అయిపోనాది" అన్నాడు.

శుక్రవారం. నేను ఇక్కడ కూర్చుని, ఇంకొక్కరోజు ఓపిక పట్టు తల్లీ అని రాస్తున్నాను. అప్పటికే ఉందో లేదో.

వారం రోజులు మాకు కబురే లేదు. నిన్నే బయలుదేరి రావాల్సింది. హమీదా చీర కూడా మార్చుకుంది. నేనే రాలేనన్నాను. ఏ మొహం పెట్టుకుని రాను? మొదటిసారే సరిగ్గా చేసుంటే నవంబరు ఇరవైనాలుగున ఆ పొయ్యి వెలిగేది. ఇరవై ఆరు రోజులు ఆ మంట ముందు వెచ్చగా ఉండేది చెల్లెమ్మ. ఇరవై ఆరు రోజులు! నా ఇంట్లో మనిషికి పురుడు పోయించిన చేతులు అవి, వాటిని చలికి వదిలేశాను.

నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నిన్న షెడ్డు మూసేశాను. మళ్ళీ ఎప్పుడు తీస్తానో తెలియదు.

నువ్వు తింటున్నావా? అక్కడ ఒక్కడివే ఎలా ఉన్నావు? నేను అడగకూడదేమో, అయినా అడుగుతున్నాను.

క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

హుస్సేన్ బాషా


అనంతగిరి,
జనవరి 1

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు దాని ముందే కూర్చున్నాను. ఇది పూర్తిగా చదువు. మధ్యలో చింపాలనిపిస్తే ఆగి, చివరిదాకా చదివి చింపు.

షెడ్డు తెరు. తప్పు నీది కాదు.

ఇక్కడి ఇటుకలు పొట్టివి కావు. మన తొమ్మిదంగుళాల ఇటుకలే. పొయ్యి నోరు నాలుగు ఇటుకలు. నీకు నాలుగున్నర అని రాసింది నేను. పొరపాటున కాదు. టేపు నా జేబులోనే ఉంది. ముప్పై ఆరు అంగుళాలని చూసుకుని, కుర్చీలో కూర్చుని, నీకు నాలుగున్నర అని రాశాను. ఇరవై రెండేళ్ళు నా లెక్క మీద ప్లేటు కోసినవాడివి, ఎదురు అడగవని నాకు తెలుసు. మోకాలి సాకు చెప్పి నిన్ను రావద్దన్నది అందుకే. పక్కలు చెక్కితే కమాను పడుతుందన్నదీ అబద్ధమే. ఫర్నేసులు విప్పి కట్టినవాణ్ణి, ఆ గోడ నాకొక లెక్కా?

ఎందుకు చేశానో చెబుతాను. నీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడు గౌరి మాత్ర పక్కన పెట్టేసింది. "ఈ మందులు నాకొద్దండీ. ఇయి మింగితే ఇంకో నెలో రెణ్ణెల్లో బతుకుతాను, బతికినన్నాళ్ళూ కక్కుతాను. ఎందుకిదంతా?" అంది. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి ఒక ఒప్పందానికొచ్చింది. "సరే, ఆ పొయ్యి ఎలిగిందాకా మింగుతాను. ఎలిగిన్రోజునుంచి అడక్కండి. మంట ముందు పడుకుని నా దారిన నాను పోతాను" అంది. నేను తలూపాను. ఆ వారమే నీ జవాబు వచ్చింది, వారం రోజుల్లో పెట్టె ఇచ్చేస్తానని. ఆ ముక్క చదివి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను బావా. వారంలో పెట్టె వస్తే, ఆదివారం వెలుగుతుంది, సోమవారం మాత్ర ఉండదు.

ఒక్కసారికే అనుకున్నాను. ఒక నెల వెనక్కి పోతే చాలనుకున్నాను. ఆ నెల ఆవిడ ఎలా గడుపుతుందో నేను ఆలోచించలేదు. ఆ తర్వాత రోజూ చూశాను. మూడు రగ్గుల కింద వణికింది, నా కోసం పచ్చటి కక్కులు కక్కింది. ఆవిడ అడిగింది వేడి. నేను అడిగింది రోజులు. నాకు కావలసిందే జరిపించుకున్నాను. నువ్వు ఉత్తరాల్లో నిన్ను నువ్వు చెప్పుతో కొట్టుకుంటుంటే, అవి ఆవిడకి చదివి వినిపించి, మడిచి ట్రంకులో పెట్టుకున్నాను. అంత చచ్చు మనిషిని నేను.

నన్ను క్షమించమని అడగను. నీ చెయ్యి తప్పిందని మాత్రం ఇంకెవరికీ చెప్పకు. చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళి అసలు సంగతి ఇదీ అని చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. హమీదా చెల్లెమ్మకి ముందు చెప్పు.

గురువులు తెచ్చిన పెట్టె నిన్న నేనే బిగించాను. సరిగ్గా కూర్చుంది. గొట్టం ఎక్కించాను, చుట్టూ మట్టి అతికాను. వెలిగించలేదు. ఎవరికోసం వెలిగించాలో తెలియలేదు.

ఇప్పుడు అసలు మాట. ఇది రాయకపోతే ఈ ఉత్తరం కూడా సగం అబద్ధమే అవుతుంది.

గురువారం పొద్దున్న, అంటే పోవడానికి ముందురోజు, ఒళ్ళు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. గొంతు చాలా చిన్నదైపోయింది. చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

"నాలుగే కదండీ ఇటుకలు" అంది.

నేను తడిగుడ్డ పక్కన పెట్టాను. "రోజంతా దానెదురుగానే కదా పడున్నాను. ఎన్నిపాళ్ళు లెక్కెట్టినా నాలుగే. బాషన్నయ్య ఉత్తరంలో నాలుగున్నర అని మీరు సదివినప్పుడే తెలిసిపోనాది. పాపం ఆ మనిషి ఊరికే ఏడుత్తన్నాడు, సెప్పీండి" అంది.

అంటే పెట్టె హాల్లోకి రాకముందే ఆవిడకి తెలుసు. కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజూ తెలుసు. మరి తెలిసీ ఆ మాత్రలు ఎందుకు మింగేవే, ఒప్పందం నేనే తప్పాను కదా, పారేసి ఉండొచ్చు కదా అని అడిగాను.

"మీకింకా సాల్నేదని అర్థమైపోనాది. అందికే మింగినాను" అంది.

శ్రీరామ్మూర్తి